ముందు బాత్రూమ్ గీయండి, మంచం తర్వాత

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒకాయన కారు వెనక కట్టుకునే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ చేయించుకుంటున్నారు. మాకు ఒకటి ఉందని ఎవరో చెబితే, పోయిన ఆదివారం డ్రాయింగ్ పట్టుకుని ఇంటికొచ్చారు. బాగా గీశారు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు పెట్టెలో క్వీన్ సైజు మంచం, పాదాల వైపు గోడకి టీవీ, వెనక మూత ఎత్తితే వంటగట్టు, పైన సోలార్ ప్యానెల్, పక్కన విప్పుకునే పందిరి. అంతా చూసి, బాత్రూమ్ ఎక్కడండీ అన్నాను. "ఇంత చిన్న బండిలో బాత్రూమ్ దేనికండీ? దారి పొడుగునా పెట్రోల్ బంకులేగా!" అన్నారు నవ్వుతూ. వాళ్లావిడ పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ నవ్వలేదు.

ఆ పూట నేను ఎక్కువ వాదించలేదు. ఇంటికొచ్చిన మనిషితో, కాఫీ కప్పులు చేతిలో ఉండగా, దొడ్డి గురించి ఎంతసేపు మాట్లాడతాం? ఇక్కడ ఆ మొహమాటం లేదు కాబట్టి చెప్తున్నాను. మనలాంటి కుటుంబాలు చిన్న ట్రైలర్ కొనుక్కోవడానికి గట్టి కారణం ఒక్కటే ఉంది, అది టాయిలెట్. పడుకోవడానికి టెంట్ చాలు. ఒక పొయ్యి, ఐదు కిలోల సిలిండరు, నాలుగు గిన్నెలు కారు డిక్కీలోనే పడతాయి. టీవీ ఇంట్లో ఉండనే ఉంది. టాయిలెట్ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ పెట్టించుకుంటే, లక్షలు పోసి చక్రాల మీద ఒక పడగ్గది కట్టించుకున్నట్టే.

ఎవరి బొమ్మ చూసి గీస్తున్నాం?

మన దగ్గర తయారయ్యే చిన్న ట్రైలర్లు చాలావరకు అమెరికా వాళ్ల టియర్‌డ్రాప్ నమూనాకి దగ్గరి చుట్టాలు. నీటిబొట్టు ఆకారం, లోపల పరుపు, వెనక మూత కింద వంటసామాను. 1930లలో వచ్చిన నమూనా అది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడి పత్రికలు ప్లాన్లు అచ్చు వేస్తే, జనం ఇంటి వెనక షెడ్డుల్లో సొంతంగా చేసుకున్నారు. అందులో టాయిలెట్ లేకపోవడానికి స్థలం ఒక్కటే కారణం కాదు. ఆ బండి పోయి ఆగేది క్యాంప్‌గ్రౌండ్‌లో. అక్కడ ఉమ్మడి టాయిలెట్లు ఉంటాయి, చాలాచోట్ల స్నానాల గదులు కూడా. పెద్ద ట్రైలర్లకైతే కిందే మురికి ట్యాంకు, దాన్ని ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్లు. యూరప్ వాళ్లు సీటు కింది పెట్టెని బండి బయటి నుంచి లాగి, క్యాంప్‌సైట్‌లో దానికోసమే కట్టిన చోట పారబోస్తారు. ట్రైలర్‌లో లేని సగం క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంది. మనం వీడియోలో కనిపించిన సగాన్నే దించుకుంటున్నాం.

మనం బండి ఆపే చోట్లు వేరు. మావరకు చూస్తే గండికోట అంచు, మదనపల్లె వైపు తెలిసినవాళ్ల మామిడితోట, కర్ణాటకలో కబిని అడవి దగ్గర ఒక హోమ్‌స్టే వాళ్ల ఖాళీ స్థలం, అనంతపురం జిల్లాలో చుట్టాల చేను. ట్రెక్కింగ్ వాళ్లు ఒక పద్ధతి చెప్తారు. నీటికి 200 అడుగుల దూరం జరిగి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తవ్వి, పని అయ్యాక పూడ్చేయమంటారు. మంచి పద్ధతే. గండికోటలో పెన్నా లోయ అంచంతా బండరాయి, గడ్డపార పట్టుకెళ్లినా ఆరంగుళాలు దిగదు. పైగా శని, ఆదివారాల్లో ఏ రాయి చాటుకి వెళ్లినా మనకన్నా ముందు ఎవరో వెళ్లొచ్చిన ఆనవాళ్లే.

నీళ్లు తాగని ప్రయాణాలు

బంకుల మాటకొద్దాం. పెట్రోల్ బంకులో టాయిలెట్, తాగునీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీల నిబంధనే. హైవేల మీద పరిస్థితి మా చిన్నప్పటితో పోలిస్తే ఎంతో నయం, ఆ మాట ఒప్పుకోకపోతే అన్యాయం. హైదరాబాద్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద శుభ్రంగా ఉండేవి ఎక్కడెక్కడున్నాయో మాకు తెలుసు, చూసుకుని అక్కడే ఆపుతాం. అయితే బంకు ఉండేది హైవే మీద. క్యాంపు మొదలయ్యేది హైవే దిగి, మట్టిరోడ్డు పట్టి, ఫోన్ సిగ్నల్ పోయాక.

మగవాళ్లకి ఈ మాట ఎందుకు తేలిగ్గా ఎక్కదో అర్థం చేసుకోగలను. బండి ఆపిన ప్రతిచోటూ వాళ్లకి టాయిలెట్టే. మా అమ్మ తిరుపతి బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించేది. పొద్దున కాఫీ కూడా మానేసేది. బస్సు ఎక్కడో ఆగితే మగవాళ్లు దిగి రోడ్డు పక్కకి వెళ్లొచ్చి టీ తాగేవాళ్లు. ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తూ కూర్చునేవాళ్లు. ఊరినుంచి వచ్చాక రెండు రోజులు మంట, ఒక్కోసారి జ్వరం. ఇంట్లో బార్లీ నీళ్లు కాచేవాళ్లు. "ప్రయాణంలో వేడి చేసింది" అనేవాళ్లు తప్ప, తాగని నీళ్ల గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అదంతా పాతకాలం అనుకుంటాం. మా అమ్మాయి కాలేజీ వాళ్లతో ట్రెక్కుకి వెళ్లినప్పుడు లీటరు బాటిల్ నింపి పంపాను. ముప్పావు వంతు అలాగే తిరిగొచ్చింది. అడిగితే, "అక్కడ ఎక్కడికి వెళ్తామమ్మా?" అంది.

ఇక్కడ ఎప్పుడూ వినిపించే ఎదురుమాట ఒకటుంది. క్యాంపింగ్ అంటే కాస్త కష్టపడాలి, అన్ని సౌకర్యాలూ కావాలంటే హోటల్లో దిగొచ్చుగా అని. డబ్బు లెక్కలో అయితే నిజంగా హోటలే చవక. ట్రైలర్ మీద పెట్టిన డబ్బుతో ఏళ్ల తరబడి మంచి హోటళ్లలో ఉండొచ్చు. టైర్లు, బేరింగులకి గ్రీజు, ఇన్సూరెన్సు, బండి పెట్టుకునే చోటు, ఇవన్నీ పైఖర్చు. ఆదా అవుతుందని ఎవరైనా ట్రైలర్ కొంటుంటే వద్దనే చెప్తాను. కష్టం మాటకొస్తే, నాకు పేచీ లేదు. వానలో పందిరి కట్టడం కష్టం, తడి కట్టెలు రాజేయడం కష్టం, రివర్సులో ట్రైలర్‌ని సందులోకి తోయడం మహా కష్టం. వాటిని నలుగురం పంచుకుంటాం. ఒక్క ఆడవాళ్లే పడే కష్టాన్ని క్యాంపింగ్ రుచి అంటే ఒప్పుకోను.

టెంట్ చాలదా?

నా వాదనకి నిజంగా అడ్డొచ్చేది టాయిలెట్ టెంట్. నిలువుగా, సన్నగా, జిప్పుతో ఉంటుంది. లోపల మడత సీటు, కింద సంచి కట్టిన బకెట్. రెండు మూడు వేలల్లో వస్తుంది, బరువు లేదు, ఐదు నిమిషాల్లో నిలబడుతుంది. దీనికోసం లక్షల ట్రైలర్ ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కొంచెం కష్టమే. పాతికేళ్ల స్నేహితులు నలుగురు వెళ్తుంటే ఇదే కొనుక్కోమని చెప్తాను. ట్రైలర్ అక్కర్లేదు.

మా ఇంట్లో అందరూ పాతికేళ్లవాళ్లు కాదు. అత్తయ్యకి డెబ్బై దాటాయి, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, షుగరు ఉంది, రాత్రిళ్లు కనీసం రెండు మూడుసార్లు లేస్తుంది. అర్ధరాత్రి చెప్పులు వెతుక్కుని, టార్చి పట్టుకుని, టెంటు తాళ్లు కాళ్లకి తగలకుండా నడిచి వెళ్లాలి. రాయలసీమ చేలల్లో తేళ్లు, పాములు. కబిని వైపు అయితే చిరుతలు. వీటికి తోడు గాలి. గండికోట అంచున సాయంత్రం గాలి లేచిందంటే, మేకులు దిగని రాతి మీద ఆ సన్న టెంటుని పట్టుకోవడానికి బయట ఒక మనిషి నిలబడాలి. ఆ నిలబడిన మనిషి ఉన్నాక లోపలి మనిషికి ఇంక చాటు ఎక్కడుంది? దారిలో హైవే పక్కన ఆపుకున్నప్పుడు టెంటు వేయడం అసలు కుదిరే పని కాదు. ట్రైలర్ అయితే తలుపు తీసి ఎక్కడమే.

మేం మార్చుకున్నది

మా బండి బెంగళూరులోనే ఒక చిన్న వర్క్‌షాపులో చేసింది. కొన్నప్పుడు లోపల మంచం, ముందు మూలలో నిలువెత్తు బట్టల అలమరా, పక్కన టీవీ గూడు ఉన్నాయి. రెండు రోజుల ప్రయాణానికి అలమరా ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. బట్టలు సంచుల్లో ఉంటాయి. అలమరా ఊడదీయించి, ఆ మూలలో 30 అంగుళాలకి 32 అంగుళాల గది కట్టించాం. అంతకన్నా తగ్గితే కూర్చున్నాక మోకాళ్లు తలుపుకి తగులుతాయి. గోడలకి డబ్ల్యూపీసీ బోర్డు వేద్దామన్నాడు కార్పెంటర్, ఫ్లాట్లలో బాత్రూమ్ తలుపులకి వాడేది. నీళ్లకి పాడవదు గానీ బరువు ఎక్కువ. దాని బదులు అంగుళం మందం ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ లాంటి గట్టి ఫోమ్) షీటుకి రెండు వైపులా పలచటి ఫైబర్ షీటు అంటించి గోడలు చేయించాం. బరువు మూడో వంతుకి దిగింది. కింద అంచులు లేచిన ఫైబర్ తొట్టి, బెంగళూరు పీన్యాలో ఫైబర్ పని చేసేవాళ్లు కొలతలు తీసుకుని పోశారు. అందులోనే నిలబడి స్నానం కూడా చేయొచ్చు, చేసినవాళ్లు తర్వాత తుడవాలి.

సీటు దగ్గరే చాలా ఆలోచించాల్సి వచ్చింది. బజారులో దొరికే క్యాసెట్ టాయిలెట్‌లో పైన ఫ్లష్ నీళ్లు, కింద మురికి పట్టే 20 లీటర్ల పెట్టె, దాన్నే క్యాసెట్ అంటారు. ఇద్దరికి మూడు రోజులొస్తుందంటారు. కాగితం వాడేవాళ్ల లెక్క అది. మనం చెంబుతో కడుక్కునే జాతి. ఇంట్లో హెల్త్ ఫాసెట్ నొక్కినప్పుడు ఎన్ని నీళ్లు పోతున్నాయో ఎవరూ చూడరు. ట్రైలర్‌లో ప్రతి గ్లాసునీ రెండుసార్లు మోయాలి, ఒకసారి మంచినీళ్లుగా తెచ్చుకోవాలి, ఇంకోసారి మురికినీళ్లుగా పట్టుకెళ్లాలి. మనిషికి రోజుకి లీటరున్నర దాకా మూత్రమే. దానికి ఫ్లష్, కడుక్కునే నీళ్లు కలిస్తే, నలుగురున్న కుటుంబానికి ఆ పెట్టె ఒక్కరోజులో నిండుతుంది.

మాకు దొరికిన ఉపాయం మొక్కలకి మందు కొట్టే ఐదు లీటర్ల చేతిపంపు స్ప్రేయర్. కొత్తదే కొనాలి, మందు పోసింది పనికిరాదు. దాని నాజిల్ తీసేసి హెల్త్ ఫాసెట్ గన్ బిగించాం. సైజు కలిపే కనెక్టరు కోసం మా ఆయన బెంగళూరు ఎస్పీ రోడ్డు సందులన్నీ తిరిగాడు. నాలుగుసార్లు పంపు కొట్టి నొక్కితే ధార చక్కగా వస్తుంది, పావు లీటరుతో పని అయిపోతుంది. మోటారు లేదు, వైరు లేదు, చెడిపోతే ఏ ఊళ్లోనైనా ఎరువుల కొట్లో ఇంకోటి దొరుకుతుంది. బండి మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సామాను ఇదే. వచ్చినవాళ్లు సోలార్ ప్యానెల్ ఫొటో తీసుకుంటారు, దీన్ని ఎవరూ తీయరు.

అసలు నీళ్లే లేని టాయిలెట్ మీద మా ఆయనకి మోజు ఉండేది. మూత్రం, మలం కలిసినప్పుడే కంపు ఎక్కువ కాబట్టి రెండిటినీ విడిగా పట్టి, మలం మీద కొబ్బరి పొట్టు చల్లడం అందులో కిటుకు. విదేశాల్లో బండ్లలో ఇల్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఇదే వాడతారు. కోకోపీట్‌కి బెంగళూరులో కొదవ లేదు, ఏ నర్సరీలోనైనా దిమ్మలు దొరుకుతాయి. మరి కడుక్కునే నీళ్లు ఎక్కడికి పోవాలి? వెనక పెట్టెలోకి పోతే పొట్టంతా తడిసి ముద్దవుతుంది, పెట్టుకున్న ఉద్దేశమే పోతుంది. తమిళనాడులో ముసిరి వైపు కట్టిన ఎకోశాన్ మరుగుదొడ్లలో దీనికి జవాబుంది, కడుక్కోవడానికి పక్కన వేరే చోటు ఉంటుంది, అక్కడికి జరిగి కూర్చోవాలి. 30 అంగుళాల గదిలో ఎక్కడికి జరుగుతాం, అదీ ఆపరేషన్ అయిన మోకాలితో? క్యాసెట్టే పెట్టించాం.

చిన్న చిన్న సంగతులు ఇంకో రెండు. ఆ సీట్లు ఇంటి కమోడ్ కన్నా పొట్టి, కింద నాలుగంగుళాల పీట వేయిస్తే పెద్దవాళ్లకి లేవడం తేలిక. పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ కావాలి, దానికి గోడ వెనక వైపు అల్యూమినియం ప్లేటు వేసి బోల్టులు బిగించాలి. ఫోమ్ గోడకి ఉత్త స్క్రూలు కొడితే కడ్డీ గోడతో సహా చేతిలోకి వస్తుంది. వాసనకి కంప్యూటర్లలో ఉండే 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి, గాలిని బయటికి తోసేలా. రోజంతా తిరిగినా అది తినే కరెంటు లెక్కలోకి రాదు.

అత్తయ్యని ఒప్పించడం వీటన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. "వండుకునే చోట, పడుకునే చోట అదేంటమ్మాయ్?" అంది మొదట్లో. వాళ్ల ఊళ్లో దొడ్డి పెరటి చివర, నుయ్యి దాటాక ఉండేది. దీన్ని చాదస్తం అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఆరడుగుల పెట్టెలో ఈగకీ అన్నానికీ మధ్య ఎంత దూరమన్నది సరైన ప్రశ్నే. తలుపు బయటి వైపుకి పెట్టించమంది. అలా చేస్తే రాత్రిపూట మళ్లీ చీకట్లోకి దిగాలి, టెంటుకీ దానికీ తేడా ఏముంది? చివరికి తలుపు లోపలికే ఉంచి, వంటని పూర్తిగా బయటికి, వెనక మూత కిందికి పంపేశాం. ఇప్పుడు లోపల టీ కూడా కాచం. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల పట్టుకుని పేరుకుంటుంది. పడుకునే పెట్టెలో సిలిండరు లేకపోవడమే మంచిది. ఈమధ్య బయల్దేరే ముందు "స్ప్రేయరులో నీళ్లు నింపారా?" అని అందరికన్నా ముందు అడిగేది అత్తయ్యే.

బరువు, ఆర్‌సీ

గోడలు, తొట్టి, సీటు, నీళ్లు అన్నీ కలిపితే ఒక మనిషి బరువు. చిన్న ట్రైలర్‌లో అది చిన్న విషయం కాదు. కానీ ఆదివారం వచ్చినాయన డ్రాయింగ్‌లో ఇన్వర్టర్ల వాళ్లమ్మే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, అదొక్కటే యాభై కిలోల పైమాట. దాని బదులు పన్నెండు పదమూడు కిలోల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ పెడితే, వాడుకునే కరెంటు అంతకేమీ తగ్గదు, బాత్రూమ్ బరువులో సగం పైన అక్కడే మిగులుతుంది. టీవీ, దాని గూడు తీసేస్తే ఇంకాస్త.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూసుకోవాలి. యాక్సిల్ వెనక ఎక్కువైతే, లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ట్రైలర్ ఊగడం మొదలెడుతుంది. మొత్తం బరువులో పదో వంతు దాకా హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే చోట, పడేట్టు చూసుకోమంటారు. మా బాత్రూమ్ ముందు మూలలో ఉండటంతో హిచ్ మీద ఎక్కువ పడింది, బ్యాటరీని వెనక్కి జరిపి సరిచేశాం. తర్వాత కాటా వేయించి చూసుకున్నాం, ఊడదీసిన అలమరాకి, కట్టిన గదికి పెద్ద తేడా రాలేదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సొంతానికి వాడుకునే క్యాంపర్ ట్రైలర్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ బండే, అంటే సొంత కారు లాంటిదే గానీ, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. కట్టాక కలపడం కన్నా గీసేటప్పుడే గీయడం మేలని నేను పట్టుబట్టేది అందుకే.

మంచం మాత్రం చిన్నదైంది. అత్తయ్య, అమ్మాయి, నేను ఎలాగో సర్దుకుంటాం. మా ఆయన బయట టెంట్‌లో పడుకుంటాడు. ఆయనకి అదే ఇష్టమంటాడు, నేను తరచి అడగలేదు.

ఎవరు పారబోయాలి?

టాయిలెట్ వద్దనేవాళ్ల మాటల్లో నేను తీసిపారేయలేనిది ఇదొక్కటే. మన దగ్గర డంప్ స్టేషన్లు దాదాపు లేవు. బెంగళూరు పక్కనే దేవనహళ్లిలో 2015లో మల వ్యర్థాలని శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు, దేశంలో ఊరి స్థాయిలో అదే మొదటిది. అది సెప్టిక్ ట్యాంకులు తోడే హనీ సక్కర్ లారీల కోసం, మన 20 లీటర్ల డబ్బా కోసం కాదు. కాబట్టి నిండిన పెట్టెని ఎక్కడో ఒక మామూలు టాయిలెట్‌లోనే పోయాలి. చెరువు గట్టునో, పొదల్లోనో ఒంపేసేవాళ్లు బండిలో టాయిలెట్ పెట్టుకోకపోవడమే నయం.

మా అపార్ట్‌మెంట్‌లో ట్రైలర్ పెట్టనివ్వరు, హోస్కోటె దాటాక స్నేహితుల ఖాళీ సైటులో ఉంటుంది. అక్కడ బోరు తప్ప ఇంకేమీ లేదు. అందుకని క్యాసెట్ ఇంటికొస్తుంది, కారు డిక్కీలో, తర్వాత లిఫ్టులో. దానికి చక్రాలు, లాగే హ్యాండిలు ఉంటాయి. ఒకసారి లిఫ్టులో ఒకావిడ చూసి, "కొత్త సూట్‌కేసా, ఏ కంపెనీ?" అని అడిగింది. మా ఆయన సీరియస్‌గా కంపెనీ పేరు చెప్పాడు. వాసన రాకుండా క్యాసెట్‌లో వేసే మందు విషయంలో మాత్రం జాగ్రత్త పడతాం. మా అపార్ట్‌మెంట్‌కి సొంత ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఉంది, అది బాక్టీరియా మీదే నడుస్తుంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న రకం పోస్తే వాటికే ఎసరు. ఎంజైమ్ రకం వాడతాం, ఖరీదు కొంచెం ఎక్కువ.

ఇంకో మాట. ఈ పని చేసిపెట్టమని హౌస్‌కీపింగ్ వాళ్లని అడగొచ్చని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, వంద రూపాయలిస్తే చేస్తారట. చేస్తారేమో. మనిషి మలాన్ని ఇంకో మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం రావాల్సి వచ్చిన దేశం మనది, ఆ పని ఏ కులాలవాళ్ల చేత చేయించారో అందరికీ తెలుసు. సరదాకి ట్రైలర్ కొనుక్కుని, దాని దొడ్డి ఎత్తడానికి వంద రూపాయలకి మనిషిని వెతకడం నాకు చేతకాదు. మా ఇంట్లో అది మా ఆయన పని, ఆయన ఊళ్లో లేకపోతే నాది. ఆ పని మనం చేయలేం అనుకునే కుటుంబానికి నేను టాయిలెట్ సిఫారసు చేయను. ట్రైలర్ కూడా చేయను.

గుండ్లుపేట దాటాక

బందీపూర్ అడవిలోంచి వెళ్లే రోడ్ల మీద 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు ఆపుతున్నారు. జంతువుల కోసం పెట్టిన నియమం, నాకు పూర్తిగా సమ్మతమే. ఒకసారి వయనాడ్ వెళ్తూ తెల్లవారుజామున చెక్‌పోస్ట్ ముందు వరసలో ఆగాం. మా ముందు ఒక టెంపో ట్రావెలర్, కడప నుంచి గురువాయూరు వెళ్తున్న కుటుంబం. దాదాపు అందరూ ఆడవాళ్లే. గుండ్లుపేటలో హోటళ్లు ఇంకా తెరవలేదు, చుట్టూ అడవి, వెనకా ముందూ బండ్ల లైట్లు. మా అత్తయ్య తెలుగు విని మాటలు కలిపింది. కాసేపటికి ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది, "మీ బండిలో బాత్రూముందంట గదమ్మా?" అని.

ఆవిడ వెళ్లొచ్చాక ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. స్ప్రేయరు రెండుసార్లు నింపాం. గేటు తెరిచేసరికి క్యాసెట్ మీద నిండిందని ఎర్ర గుర్తు వచ్చేసింది, మా ప్రయాణం ఇంకా మొదలే కాలేదు. మా అమ్మాయి కొంచెం చిరాకు పడింది, మనకి ఎలా మరి అని. ఆ చిరాకు న్యాయమైనదే. దానికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే ఆలోచన. దారిలో ఆడవాళ్లకి చోటు లేకపోవడం అందరి సమస్య. దానికి నేను కనిపెట్టిన పరిష్కారం నలుగురికి సరిపోయే 20 లీటర్ల పెట్టె, అదీ కారు వెనక కట్టుకోగలిగినవాళ్లకి. డబ్బున్నవాళ్లు బోరు వేయించుకుని వీధి కుళాయిని మర్చిపోయినట్టు, మేమూ బంకుల టాయిలెట్ల గురించి ఫిర్యాదు చేయడం మానేశామా? మానేశాం. ట్రైలర్ వచ్చాక నేను ఏ బంకు మేనేజర్‌తోనూ గొడవ పెట్టుకోలేదు, అంతకుముందు పెట్టుకునేదాన్ని. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు.

ఆ రోజు సుల్తాన్ బత్తేరిలో ఒక హోటలాయన్ని బతిమాలి పెట్టె ఖాళీ చేశాం. అప్పటినుంచి డిక్కీలో ఇంకో ఖాళీ క్యాసెట్ పెట్టుకుని వెళ్తున్నాం. మా ఆయన దానికి గెస్ట్ రూమ్ అని పేరు పెట్టాడు.